పొట్టేలు ఫోటో దిగిన రోజు

మంగళవారం ఉదయం ఏడు గంటలకి డోరీన్ ఒట్లీ తన భర్తని వంటింట్లో కూర్చోబెట్టి, టోస్టు ముక్క చేతికిచ్చి, ఆ రోజు జరగాల్సిన పనులన్నీ చదివి వినిపించింది. ఎనిమిదికల్లా పబ్బు గోడల మీది సామానంతా తీసెయ్యాలి. తొమ్మిదికి ఫోటోగ్రాఫర్ వస్తుంది. పదిన్నరకి హారోగేట్ నుంచి డోరీన్ చెల్లెలు ఫిలిస్, చర్చిలో తనతో కలిసి పాడే ఐదుగురిని వెంటబెట్టుకుని వస్తుంది. వాళ్ళు కస్టమర్లలా కూర్చుని, తింటూ, నవ్వుతూ ఫోటోలు దిగుతారు. పన్నెండున్నరకి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఒంటిగంటకి, ఏమీ జరగనట్టు, తలుపు తెరుస్తారు.

"ఈ సంగతి ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియకూడదు," అంది డోరీన్.

"ఎందుకు? మనమేం దొంగసారా కాస్తున్నామా?" అన్నాడు క్లిఫర్డ్.

"తెలిస్తే సెత్ వస్తాడు. బురద బూట్లతో వస్తాడు, కుక్కని తీసుకొస్తాడు. ప్రతి ఫోటోలోనూ సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు. ఆ గడ్డం చూసి ఎవరైనా యాభై మైళ్ళు కారు తోలుకుని భోజనానికొస్తారా?"

క్లిఫర్డ్ ఆ గడ్డాన్ని తలుచుకుని టోస్టు నమిలాడు.

హాక్స్‌బెక్‌లో ఆ పబ్బు అసలు పేరు 'స్లీపింగ్ ర్యామ్'. బోర్డు మీద కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్న పొట్టేలు బొమ్మ ఉంటుంది కాబట్టి ఊరంతా దాన్ని 'పొట్టేలు' అనే అంటారు. ఒట్లీ దంపతులు దాన్ని కొని ఇరవై రెండేళ్ళయింది. డోరీన్ చేతి గొర్రెమాంసం రోస్టు ఒకసారి తిన్నవాడు రెండోసారి రాకుండా ఉండలేడు. చిక్కల్లా ఆ మొదటిసారి రావడంలోనే ఉంది. కొండలు చూడ్డానికి కార్లలో వచ్చే జనానికి ఆకలేస్తే ఈ రోజుల్లో ముక్కుతో వాసన పట్టరు, ఫోన్లో చూస్తారు. ఫోన్లో చూస్తే పొట్టేలు వెబ్‌సైటు, అందులో క్లిఫర్డ్ స్వహస్తాలతో తీసిన నాలుగు ఫోటోలు. మొదటిదాంట్లో రోస్టు పళ్ళెం మీంచి లారీ వెళ్ళినట్టుంటుంది. రెండోదాంట్లో కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉంటాయి. నేల తుడిచాక శుభ్రంగా కనిపించిందని మురిసిపోయి అప్పుడు తీశాడు. మూడోది వర్షం. నాలుగోదాంట్లో ఎక్కువ భాగం అతని బొటనవేలు. 'ఈ పబ్బు మూసేసి ఎన్నాళ్ళయింది?' అని కింద ఎవరో అడిగారు కూడా. చూసినవాళ్ళు చూసినట్టే కారు తిప్పుకుని పక్క లోయలోని పబ్బుకి పోతున్నారు.

రెండు నెలల కిందట ఒక సాయంత్రం, ఒక్క కస్టమరు కూడా లేని హాల్లో కూర్చుని, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక మాట అనుకున్నారు. క్రిస్మస్ దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే పొట్టేలుని అమ్మేసి, విట్బీలో సముద్రం కనిపించేలా ఒక చిన్న ఇల్లు చూసుకుందాం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తమలో తాము కూడా మళ్ళీ ఎత్తలేదు. ఈ ఫోటోలే ఆఖరి ప్రయత్నం. అందుకే డోరీన్ ఆ పొద్దున నవ్వడం లేదని క్లిఫర్డ్‌కి తెలుసు. అందుకే అతను కూడా చెప్పింది చెప్పినట్టు చేద్దామని నిశ్చయించుకుని లేచాడు.

ఎనిమిదింటికి గోడ మీంచి పైక్ చేపని దింపాడు. గాజుపెట్టెలో నోరు తెరుచుకుని ఉండే, లోపల గడ్డి కూరిన చేప అది, అతనికంటే ముందు నుంచీ ఆ పబ్బులో ఉంది. తరవాత గుర్రపు నాడాలు, డార్ట్స్ బాణాల పోటీ కప్పులు, గొర్రెల సంతలో వచ్చిన సర్టిఫికెట్లు, బార్‌కి కొట్టిన ఇత్తడి గంట. 'చిందరవందర సామాను ఏదీ కనిపించకూడదు' అని ఫోటోగ్రాఫర్ రాసిన ఉత్తరంలో రెండుసార్లు గీత గీసి ఉంది. ఒక్కొక్కటే మోసుకెళ్ళి వాకిట్లో ఉన్న తన వ్యానులో పెడుతున్నాడు. మూడోసారి బయటికొచ్చేసరికి ఎదురుగా మిసెస్ పికర్స్‌గిల్ నిలబడి ఉంది.

ఎడ్నా పికర్స్‌గిల్ ముప్ఫయ్యేళ్ళు ఆ ఊరి పోస్టాఫీసు నడిపింది. ఉత్తరాలు విప్పకుండానే ఊరి సంగతులన్నీ తెలుసుకునే విద్య ఆమెకి అప్పుడే అబ్బింది. రిటైరయ్యాక పోస్టాఫీసు పోయింది గాని విద్య పోలేదు.

"ఏం చేస్తున్నావు క్లిఫర్డ్?"

క్లిఫర్డ్‌కి అబద్ధమాడ్డం చేతకాదు. చేతకాదని తెలుసు కాబట్టి ఇంకా కంగారు. "గాలికి పెడుతున్నానండీ," అన్నాడు.

"చేపనా?"

"అవునండీ. చాన్నాళ్ళయింది."

"అది బతికున్నప్పుడే గాలి పీల్చలేదు, ఇప్పుడెందుకు నాయనా?" అని ఆమె మెడ చాచి వ్యానులోకి చూసింది. చేప, కప్పులు, గంట, సర్టిఫికెట్లు. ఇరవై రెండేళ్ళ కాపురం కట్టగట్టి కనిపించింది. "మధ్యాహ్నం తెరుస్తారుగా?"

"ఒంటిగంటకండీ. అంతకుముందు మాత్రం ఎవరూ రావద్దు. అసలు ఈ పక్కకే రావద్దు," అన్నాడు క్లిఫర్డ్, చెమట తుడుచుకుంటూ.

అంతకంటే మంచి ఆహ్వానం మిసెస్ పికర్స్‌గిల్‌కి జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. ఆమె దుకాణానికి వెళ్ళాల్సిన దారి మానేసి, ఎదురుగా ఉన్న బస్సు షెల్టర్లో కూర్చుని న్యూస్‌పేపరు విప్పింది. ఆ రోజు హాక్స్‌బెక్‌కి బస్సు లేదు.

తొమ్మిదికి ఫోటోగ్రాఫర్ వచ్చింది. పేరు ఇమోజెన్. వయసు ముప్ఫై దాటదు, కారు నిండా పెట్టెలు, మాట కత్తిరించినట్టు ఉంటుంది. వెలుతురు బాగుందని ముందు బయటి ఫోటోలు మొదలుపెట్టింది. రోడ్డుకి అటు వైపు నుంచి తీసింది, ఇటు వైపు నుంచి తీసింది. పైకప్పు, పొగ గొట్టం, కార్లు ఆపుకునే చోటు, వెనక తోట, పైన అద్దెకిచ్చే రెండు గదులు, చివరికి మరుగుదొడ్డి కూడా. "జనం ముందు చూసేది అదే," అని తేల్చేసింది.

ఆమె కార్లు ఆపుకునే చోటుని నాలుగో కోణంలో తీస్తుండగా సెత్ మెట్‌కాఫ్ తన నాలుగు చక్రాల మోటారు బండి మీద అటుగా వచ్చాడు. వెనక కుక్క నెల్. సెత్‌కి కొండ మీద మూడొందల గొర్రెలు, కొండ కింద ఒక్క స్నేహితుడు. ఆ స్నేహితుడు క్లిఫర్డ్. ఆ తరవాత సెత్‌కీ ఇమోజెన్‌కీ మధ్య ఏం మాటలు నడిచాయో ఆ సాయంత్రం ఆమె చెప్పగా తెలిసింది.

"అమ్మాయ్, ఎవరు నువ్వు? ఖాళీ స్థలానికి ఫోటో దేనికి?"

"సారీ, నేను చెప్పకూడదు. ఓనర్లు ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నాకు కూడానా? నా పేరు సెత్."

ఇమోజెన్ ముఖం మారింది. ఆ పేరు ఆమెకి డోరీన్ ప్రత్యేకంగా చెప్పి ఉంచింది. "ముఖ్యంగా మీకే చెప్పొద్దన్నారండీ. వచ్చేవారం ఇంటర్నెట్‌లో పెడతారు. అప్పుడు అందరితో పాటు మీరూ చూద్దురుగాని."

"ఇంటర్నెట్‌లో పెడతారా?"

"అవును. ఫోటోలు బాగా వస్తే బయటివాళ్ళు ఎగబడతారు. ఇంత చక్కటి చోటు ఇన్నాళ్ళు ఎవరి కంటా పడకపోవడమే ఆశ్చర్యం."

సెత్ బండి అక్కడే వదిలేసి బస్సు షెల్టర్లోకి నడిచాడు. మిసెస్ పికర్స్‌గిల్ పేపరు మడిచి పక్కన చోటిచ్చింది. చేప సంగతి ఆమె చెప్పింది, ఇంటర్నెట్ సంగతి అతను చెప్పాడు. రెండూ కలిపి చూసుకుంటే ఇంక అనుమానమేముంది?

"అమ్మేస్తున్నాడు," అన్నాడు సెత్.

"తొందరపడకు. కొనేవాళ్ళు రావాలిగా," అంది మిసెస్ పికర్స్‌గిల్.

పదిన్నరకి రెండు పెద్ద కార్లు నిగనిగలాడుతూ వచ్చి ఆగాయి. మంచి ఉన్నికోట్లు, పట్టు రుమాళ్ళు, పాలిష్ బూట్లు. అందరిలోకీ ముందు దిగింది మిస్టర్ పెంబర్టన్ అనే రిటైరైన పళ్ళ డాక్టరు. ఆరడుగుల మనిషి, వెండి జుట్టు. దిగగానే ద్వారబంధాన్ని వేళ్ళతో టకటక తట్టి చూసి, "గట్టి ఓకు కర్ర. మూడొందలేళ్ళుంటుంది," అన్నాడు రోడ్డంతా వినిపించేలా. నలభయ్యేళ్ళు జనం పళ్ళు తట్టి చూసిన చెయ్యి, ఊరికే ఉండదు.

ఇమోజెన్‌కి మొదట కావలసిన ఫోటో ఓనరు అతిథిని గుమ్మంలో ఆహ్వానించడం. క్లిఫర్డ్ కొత్త చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. పెంబర్టన్ చెయ్యి చాచాడు. ఇద్దరూ చేతులు కలిపారు. కెమెరా మెరిసింది. మెరుపు పడేసరికి క్లిఫర్డ్ కళ్ళు మూతపడ్డాయి.

"మళ్ళీ," అంది ఇమోజెన్.

మళ్ళీ మూతపడ్డాయి. తొమ్మిదిసార్లు తీస్తే తొమ్మిదో సారికి కళ్ళు తెరిచాడు, గాని అప్పుడు నోరు కూడా తెరిచాడు. ఎదురుగా బస్సు షెల్టర్లో మిసెస్ పికర్స్‌గిల్ వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

"తొమ్మిదిసార్లు చెయ్యి కలిపారు సెత్! నా పెళ్ళిలో కూడా అన్నిసార్లు కలపలేదు. ఖాయమైపోయింది. పద."

ఆ తరవాత గంట పాటు క్లిఫర్డ్‌కి బయట ఏం జరుగుతోందో తెలియదు, ఎందుకంటే లోపల జరుగుతున్నదే అతని తల తినేస్తోంది. రోస్టు పళ్ళెం వేడిగా బల్ల మీదికొచ్చింది. ఇమోజెన్ దానికి కుంచెతో నూనె రాసింది. రోస్టుతో తినే, బూరెల్లా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పడిపోకుండా లోపల పుల్లలు గుచ్చింది. అన్నిటికంటే బాధ బీరుతో వచ్చింది. క్లిఫర్డ్ ప్రేమగా పోసిన బీరు మీద నురగ రెండు నిమిషాల్లో కిందికి దిగిపోతోంది. ఇమోజెన్ అంట్లు తోమే సబ్బు రెండు చుక్కలు అడిగింది. ఫోర్కుతో గిలక్కొట్టింది. నురగ మంచుకొండలా లేచి నిలబడింది.

"ఇది పాపం," అన్నాడు క్లిఫర్డ్.

"ఇది ఫోటో," అంది ఇమోజెన్. "ఎవరూ తాగకుండా చూసుకోండి, చాలు."

అప్పుడే బయట ఏదో గోల వినిపించింది. క్లిఫర్డ్ కిటికీ తెర కొంచెం పక్కకి తీసి చూశాడు. చూసి మళ్ళీ మూసేశాడు. మళ్ళీ తీసి చూశాడు. వాకిట్లో నలభై మందికి తక్కువ లేరు. దుకాణం మూసేసి వచ్చినవాళ్ళు, గొర్రెల దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు ఊతకర్రల మీద వచ్చినవాళ్ళు. ముందు వరసలో సెత్, మిసెస్ పికర్స్‌గిల్ చెరో కొస పట్టుకుని ఒక దుప్పటి ఎత్తారు. దాని మీద పెయింటుతో 'పొట్టేలుని కాపాడండి' అని రాసి ఉంది. వీపున సంచులు తగిలించుకుని కొండలెక్కే, ఊరికి కొత్తయిన ఒక జంట కూడా ఆ వరసలో ఉండి, అందరికంటే గట్టిగా అరుస్తున్నారు. వాళ్ళిద్దరి టోపీల మీదా శాకాహార సంఘం బిళ్ళలున్నాయి.

"డోరీన్!" అన్నాడు క్లిఫర్డ్. "ఊళ్ళో వాళ్ళకి తెలిసిపోయింది. ఫోటోలకి వాళ్ళని పిలవలేదని కోపంగా ఉన్నారు."

"చెప్పానా నీకు? ఆ చేపని మోసేటప్పుడు నీ మొహం చూసే ఉంటారు. వెళ్ళి నిజం చెప్పి, క్షమించమని అడిగి పంపించెయ్."

క్లిఫర్డ్ తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. గోల ఒక్కసారిగా ఆగిపోయింది.

"క్లిఫ్, మాకంతా తెలిసిపోయిందిరా," అన్నాడు సెత్.

"తప్పే సెత్. మీకు ముందే చెబుదామనుకున్నా, డోరీన్ వద్దంది. పని అయిపోయాక నెట్‌లో చూసి వాళ్ళే తెలుసుకుంటార్లే అంది."

జనంలో ఒక నిట్టూర్పు లేచింది.

"కాదనడం కూడా లేదు చూడు!" అంది మిసెస్ పికర్స్‌గిల్. "పోనీ, ఊళ్ళో వాళ్ళని ఒక్క మాట అడగొచ్చుగా? హారోగేట్ వాళ్ళే కావలసొచ్చారా?"

"వాళ్ళయితే చూడ్డానికి కాస్త బాగుంటారనండీ. మంచి కోట్లున్నాయి."

"కోట్లు చూసి ఇచ్చేస్తావా!"

"నిజం చెప్పాలంటే," అన్నాడు క్లిఫర్డ్, పూర్తిగా ఒప్పేసుకోవడమే మేలనుకుని, "సెత్ ఉంటే వ్యవహారం చెడిపోతుందని భయపడ్డాం. సెత్ గడ్డం, ఆ కుక్క..."

సెత్ గడ్డం తడుముకున్నాడు. కుక్క వైపు చూశాడు. నెల్ తల దించుకుంది. నలభై మంది కళ్ళలోనూ నీళ్ళు తిరిగేంత దృశ్యం అది. అంతలో శాకాహారి అమ్మాయి సెత్ భుజం మీంచి తల పైకెత్తి, "పొట్టేలు ఎక్కడుంది? లోపలుందా? ముందు దాన్ని మాకు చూపించండి!" అంది.

"ఇదంతా పొట్టేలేనమ్మా," అన్నాడు సెత్ గద్గదంగా, రెండు చేతులూ చాచి. ఆ చేతుల వెనకే నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అతని వెనక ఊరంతా.

శాకాహారి అమ్మాయి అందరినీ తోసుకుని ముందుకెళ్ళింది. బల్ల మధ్య పళ్ళెంలో, నూనె రాసుకుని, దీపాల వెలుతుర్లో నిగనిగలాడుతూ డోరీన్ రోస్టు కనిపించింది.

"అయ్యో! అయిపోయింది! మనం ఆలస్యంగా వచ్చాం!" అని ఆమె మొగుడి భుజం మీద వాలి ఏడ్చేసింది.

హారోగేట్ వాళ్ళు ఫోర్కులు గాల్లోనే ఆపి చూస్తున్నారు. ఇది కూడా ఫోటోలో భాగమేమోనని ఫిలిస్ నవ్వుతూనే ఉంది. ఇమోజెన్ మాత్రం ఒక కుర్చీ ఎక్కి టకటకా ఫోటోలు తీసుకుపోతోంది. ఓ ఐదేళ్ళ కిందట ఆమె వార్తాపత్రికలో పనిచేసిందట. ఆ అలవాటు అలాంటిది.

సెత్ హాలు నడుమ నిలబడ్డాడు. అరిచి అరిచి అలసిన గొంతు. ఎదురుగా బార్ మీద నిండు గ్లాసు, మీద మంచుకొండలాంటి నురగ.

"అది వద్దు సెత్!" అని క్లిఫర్డ్ చెయ్యి చాచేలోపు అతను గుక్క తిప్పుకోకుండా సగం గ్లాసు దింపేశాడు. ఒక క్షణం ఆగాడు. నోరు తెరిచాడు. మాటకంటే ముందు ఒక బుడగ బయటికొచ్చి, రంగులు తిరుగుతూ పైకి తేలి, దూలానికి తగిలి పగిలింది.

"చూశారా!" అన్నాడు సెత్, అందరి వైపూ తిరిగి. "ఇంకా కాయితాల మీద సంతకం కూడా పడలేదు, అప్పుడే కొత్త ఓనర్లు సబ్బునీళ్ళు అమ్మడం మొదలుపెట్టారు!"

"ఏ ఓనర్లు?" అన్నాడు క్లిఫర్డ్. "ఏ కాయితాలు?"

"నువ్వు పొట్టేలుని వీళ్ళకి అమ్మేసిన కాయితాలు."

క్లిఫర్డ్ సెత్‌ని చూశాడు. దుప్పటిని చూశాడు. కోట్లు వేసుకున్న ఆరుగురినీ చూశాడు. చేప దగ్గర్నుంచి అంతా వరసగా కళ్ళముందు తిరిగింది. ముందు అతనికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. "ఫోటోల కోసమయ్యా! వెబ్‌సైటుకి ఫోటోలు తీయిస్తున్నాం. వీళ్ళు ఫిలిస్‌తో పాటు చర్చిలో పాడేవాళ్ళు. ఆ అమ్మాయి ఫోటోగ్రాఫర్. అమ్మడమేమిటి?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఊరంతా అందుకునేదే, గాని మిసెస్ పికర్స్‌గిల్ కళ్ళద్దాలు సర్దుకుని, ముప్ఫయ్యేళ్ళ పోస్టాఫీసు గొంతుతో అడిగింది: "అయితే అమ్మే ఉద్దేశమే లేదన్నమాట. ఎప్పుడూ అనుకోలేదు?"

అబద్ధమాడ్డం చేతకాని మనిషిని అడగకూడని ప్రశ్న అది. క్లిఫర్డ్ డోరీన్ వైపు చూశాడు. డోరీన్ వంటింటి గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"అనుకున్నామండీ," అన్నాడు. "రెండు నెలల కిందట. క్రిస్మస్ దాకా చూసి అమ్మేద్దామనుకున్నాం. ఏం చెయ్యమంటారు? మీరు ఈ పబ్బులోకి ఆఖరిసారి ఎప్పుడొచ్చారు, మిసెస్ పికర్స్‌గిల్?"

"ఈస్టరుకి," అంది ఆమె. తరవాత చిన్నగా, "అప్పుడు కూడా చిల్లర మార్చుకోడానికి," అంది.

"నేను రోజూ వస్తాను!" అన్నాడు సెత్, ఇంకో బుడగ వదులుతూ.

"వస్తావు. సాయంత్రం ఐదింటికొచ్చి అరగ్లాసు తీసుకుని తొమ్మిదింటి దాకా కూర్చుంటావు. కుక్క మంట దగ్గర పడుకుంటుంది. నువ్వొస్తే నాకెంత బాగుంటుందో నీకు తెలియదురా సెత్. కానీ నీ అరగ్లాసు మీద పొయ్యి మండదు."

అరవడానికి వచ్చిన నలభై మందీ బూట్ల వైపు చూసుకున్నారు. ఆ బూట్లన్నీ బురదగానే ఉన్నాయి. డోరీన్ తుడిచిన నేల మీద ఆ బురద అచ్చులు పడ్డాయి.

అప్పుడు మిస్టర్ పెంబర్టన్ గొంతు సవరించుకుని లేచాడు.

"మధ్యలో మాట్లాడుతున్నందుకు క్షమించండి. ఇది అమ్మకానికి ఉందని నాకు తెలియదు. తెలిసుంటే పొద్దున్నే అడిగేవాణ్ణి. పళ్ళు పీకడం మానేశాక ఇలాంటి చోటే వెతుకుతున్నాను. మిస్టర్ ఒట్లీ, మీరు ఎంత చెబితే అంత. బేరమాడను."

ఆయన పరిహాసమాడ్డం లేదు. ఆ మొహంలో పరిహాసానికి చోటే లేదు. మిసెస్ పికర్స్‌గిల్ చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది. లేని బేరాన్ని ఆపడానికి వచ్చి, తామే బేరం కుదిర్చిపెట్టామన్న సంగతి ఊరికి ఒకేసారి అర్థమైంది.

క్లిఫర్డ్‌కి ఆ క్షణంలో విట్బీ ఇల్లు స్పష్టంగా కనిపించింది. తెల్లటి తలుపు, ఎండలో రెండు కుర్చీలు, మోకాళ్ళ నొప్పికి మెట్లు లేని ఇల్లు, పొద్దున్న తొమ్మిది దాకా నిద్ర. ఒక్క మాట అంటే చాలు, అదంతా తనది. హాలంతా కలియజూశాడు. బల్లలన్నిటి చుట్టూ మనుషులు. కిటికీ గట్టు మీద మనుషులు. మంట దగ్గర ఎవరో చేతులు కాచుకుంటున్నారు. శాకాహారి అమ్మాయికి దుకాణం ఆవిడ రుమాలిచ్చి, 'పొట్టేలు' అంటే ఏమిటో చెవిలో చెబుతోంది. ఆ అమ్మాయి ఏడుపులోంచే నవ్వుతోంది. ఇంత జనాన్ని ఈ గదిలో చూసి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. పైగా పగటిపూట. పైగా మంగళవారం.

"ఏమంటావు?" అన్నాడు డోరీన్‌తో.

డోరీన్ గరిట నడుముకి ఆనించుకుంది. "ఏమంటాను? పొయ్యి మీద రోస్టు ఇంకో రెండు ట్రేలుంది, ఫోటోలకని ఎక్కువ చేశాను. చల్లారిపోతోంది. బూట్లు గుమ్మం బయట విప్పినవాళ్ళకే పళ్ళెం. ఈ శాకాహారులిద్దరికీ ఉల్లికాడల సూపు. సెత్, నువ్వు ముందు వెళ్ళి నోరు కడుక్కో."

క్లిఫర్డ్ పెంబర్టన్ వైపు తిరిగాడు. "క్షమించాలండీ. కుదిరేలా లేదు. మా ఆవిడ వంట మొదలుపెట్టింది."

పదో సారి చేతులు కలిపారు. ఈసారి క్లిఫర్డ్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, కానీ ఇమోజెన్ అప్పుడు సెత్ వెనకాల పరిగెడుతోంది, ఇంకో బుడగ వస్తుందేమోనని.

ఆ మధ్యాహ్నం పొట్టేలు ఒంటిగంటకి తెరవలేదు. అంతకుముందే తెరిచి ఉంది కాబట్టి. నలభై మంది మేజోళ్ళతో కూర్చుని తిన్నారు. పుడ్డింగుల్లో పుల్లలు దొరికినవాళ్ళు అదృష్టమనుకుని జేబులో వేసుకున్నారు. భోజనాలయ్యాక హారోగేట్ వాళ్ళు రెండు పాటలు పాడారు. ఊళ్ళో వాళ్ళు వాటికి తమ మాటలు కలిపి మళ్ళీ పాడారు. వెళ్ళేటప్పుడు మిసెస్ పికర్స్‌గిల్ క్లిఫర్డ్ చెయ్యి పట్టుకుని, ఆదివారాలు తన భోజనం ఇక్కడేనని, చిల్లర కోసం కాదని చెప్పింది.

ఫోటోలు మరుసటివారం వచ్చాయి. డోరీన్ చక్కటి కోట్లవాళ్ళు వైను గ్లాసులు పట్టుకున్నవే ఏరిపెట్టింది. వాటిని చూసి ఇమోజెన్ ఫోన్ చేసింది: "మిసెస్ ఒట్లీ, అలాంటివి ప్రతి పబ్బుకీ ఉంటాయి. ఒక్కసారి నా మాట వినండి." అలా వెబ్‌సైటులో మొదటి ఫోటోగా సెత్ ఎక్కాడు. హాలు నడుమ నిలబడి, చెయ్యి పైకెత్తి, గడ్డం నిండా నురగతో. నోటి ముందు ఇంద్రధనస్సులాంటి బుడగ. వెనక నలభై మంది నోళ్ళు తెరుచుకుని. ఒక మూల ఎవరో అమ్మాయి రోస్టుని చూసి ఏడుస్తూ.

ఒక్క బీరుకి, ఒక్క రోస్టుకి జనం ఇంతగా ఊగిపోతున్నారంటే అదేమిటో చూడాల్సిందేనని యాభై మైళ్ళ నుంచి కార్లు బయల్దేరాయి. మొదటి శనివారం పద్నాలుగు బల్లలూ నిండాయి. రెండో శనివారం బయట కూడా బల్లలేశారు. నవంబరు వచ్చేసరికి ఫోన్ ఎత్తడానికే ఒక మనిషిని పెట్టుకోవలసి వచ్చింది. విట్బీ మాట క్లిఫర్డ్ ఇప్పుడు ధైర్యంగా ఎత్తుతున్నాడు: వేసవిలో మూడు రోజులు సెలవు దొరికితే వెళ్ళొద్దామని.

నవంబరు మూడో శనివారం ఐదింటికి సెత్ ఎప్పటిలాగే నెల్‌ని వెంటబెట్టుకుని వచ్చి తలుపు తోశాడు. తలుపు సగమే తెరుచుకుంది, వెనక జనం. కూర్చునేందుకు కిటికీ గట్టు కూడా మిగల్లేదు. ఎవరో పిల్లలు అతని గడ్డాన్ని గుర్తుపట్టి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ తరవాత కూడా చోటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి డోరీన్ జనాన్ని తప్పించుకుంటూ పెద్ద పుస్తకం పట్టుకుని వచ్చింది.

"బుకింగ్ ఉందా?" అంది.

"డోరీన్! నేను!"

"తెలుస్తూనే ఉంది. అయినా అందరికీ ఒకటే పద్ధతి. మంగళవారం సాయంత్రం ఒక కుర్చీ ఉంది, పూర్తి గ్లాసు తీసుకునేట్టయితే."

సెత్ టోపీ తీసి, ఇంటిపేరుతో సహా తన పేరు రాయించి ఆ కుర్చీ ఖాయం చేసుకున్నాడు. కుక్క పేరు మాత్రం వెయిటింగ్ లిస్టులో పెట్టారు.